నిండు నిమిషం

చంద్రిక బాధ పదిమందికి చెప్పుకోదగినది కాదు. చెబితే నవ్వుతారు. నవ్వనివారు నమ్మరు.

ఆమె మంచం దగ్గరకు వెళితే రోగి గుండె వేగం పెరుగుతోంది.

ఇది ఒకరు అన్న మాట కాదు. ఆమె మనసులో పుట్టిన అనుమానమూ కాదు. మంచం తలాపున వెలిగే తెరమీది పచ్చని అంకెలే దీనికి సాక్షులు. ఆమె గుమ్మంలో ఉన్నంతసేపు తొంభై రెండు. మంచం చేరేసరికి తొంభై ఎనిమిది. చేతికి పట్టా చుట్టి, రక్తపోటు చూసి, మందు ఇచ్చి వెనుదిరిగేసరికి నూట నాలుగు. ఆమె దూరంగా వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్న కాసేపటికి ఆ అంకె అలసిన పక్షిలాగా మెల్లగా కిందికి దిగి వస్తుంది.

మొదట కాకతాళీయమనుకుంది. తరువాత నాలుగు రోజులపాటు ఎనిమిది మంచాల దగ్గరా పరిశీలించి చిన్న పుస్తకంలో రాసుకుంది. ఏడు మంచాల దగ్గర ఇదే కథ. ఎనిమిదవ మంచం మీది మనిషికి స్పృహ లేదు.

చంద్రిక అంకెలను నమ్మి పెరిగిన పిల్ల. నర్సింగు కళాశాలలో స్వర్ణపతకం అందుకున్నది. ఏ మందు ఎన్ని చుక్కలు పడాలో, ఏ యంత్రం ఏ మోత మోగితే ఏమి చేయాలో నిద్రలో లేపి అడిగినా తడబడకుండా చెప్పగలదు. పదకొండు వారాలలో ఆమె చేతిమీదుగా ఒక్క పొరపాటూ జరగలేదు. అటువంటి పిల్లను ఆమె నమ్ముకున్న అంకెలే దోషిగా నిలబెట్టాయి.

సముద్రపు గాలి సోకే చిన్న పట్టణం అది. అక్కడి ఆసుపత్రిలో మూడవ అంతస్తున ఎనిమిది మంచాల గది ఒకటి ఉంది. గుండెపోటు వచ్చి, ఇటా అటా అని ప్రాణం ఊగుతున్నవారిని అక్కడ ఉంచుతారు. అయినవారు గాజు తలుపుకు అవతలే నిలబడాలి. లోపల ఉండేది రోగి, యంత్రాలు, నర్సులు.

ఆ గదికి పెద్ద సిస్టరు ఎస్తేరమ్మ. ఆమె అక్కడ ముప్పై ఎనిమిది ఏళ్ళుగా ఉంది. ఆమె దగ్గర సూది వేయడం నేర్చుకున్న కుర్ర డాక్టర్లకు ఇప్పుడు తలలు నెరిశాయి. ఆ గదిలో నర్సుగా నిలవాలని వచ్చినవారు మూడు నెలలు ఆమె వద్ద శుశ్రూష చేయాలి. మూడు నెలలు నిండిన నాడు ఆమె “ఉండొచ్చు” అంటే ఉంటారు. “నీకు వేరే వార్డు బాగుంటదమ్మా” అంటే అక్కడికి వెళతారు. అది రాసి పెట్టిన నియమం కాదు. అయినా ఆమె మాట జవదాటినవారు లేరు.

చంద్రికకు ఆ గదిలోనే ఉండాలని కోరిక. గడువు ఇంకొక్క వారం.

ఎస్తేరమ్మకు ఒక అలవాటు ఉండేది. ఉదయం పనిలోకి రాగానే ఒక్కొక్క మంచం దగ్గరకు వెళ్ళి, పక్కనున్న ఇనుప పీటమీద కూర్చుని, రోగి మణికట్టు పట్టుకునేది. ఎడమ భుజం కింద తెల్లచీరకు పిన్నుతో గుచ్చిన చిన్న గడియారం వేలాడుతూ ఉండేది. అది నర్సుల గడియారం; ధరించినవారు తలవంచి చూసుకోవడానికి వీలుగా తలకిందులుగా ఉంటుంది కనుక ఎదుటివారికి అందులో గంట ఎంతయిందో అందదు. ఎస్తేరమ్మ తల కొంచెం వంచి దానివైపు చూస్తూ నిండుగా ఒక నిమిషం నాడి పట్టుకుని కూర్చునేది. ఎనిమిది మంచాలకు ఎనిమిది నిమిషాలు. ఆపైన లేచి పుస్తకంలో అంకె రాసేది. తీరా చూస్తే ఆ అంకె తెరమీద ఉన్నదే.

చంద్రికకు ఇది మొదటినుంచీ కొరుకుడు పడలేదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

“పెద్ద సిస్టర్, యంత్రం చూపుతుండగా మళ్ళీ నాడి పట్టుకోవడం దేనికి?”

“అలవాటు, తల్లీ. ఈ యంత్రాలు రాకముందు దాన్ని కదా!”

“పోనీ, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే సరిపోతుంది కదా?”

“నాకు ఎక్కాలు రావే పిల్లా,” అంది ఎస్తేరమ్మ నవ్వి, రెండవ మంచం వైపు నడుస్తూ.

తన బాధ ఎవరికీ చెప్పకూడదనుకున్న చంద్రిక ఆ మధ్యాహ్నం చిన్న పుస్తకం తీసుకుని ఆమె దగ్గరకే వెళ్ళింది. కళ్ళజోడు సవరించుకుని ఎస్తేరమ్మ ప్రతి పుటా తిప్పి చూసింది. పరీక్ష పత్రం దిద్దుతున్న పంతులమ్మలాగా కాదు, దూరపు చుట్టాల ఉత్తరం చదువుతున్నదానిలాగా చూసింది.

“దస్తూరి ముత్యాల్లాగుందే!”

“తప్పు ఎక్కడుందో చెప్పండి, పెద్ద సిస్టర్. చేతులు చల్లగా ఉన్నాయేమోనని వేడినీళ్ళతో కడుక్కుని వెళ్ళాను. అడుగుల చప్పుడేమోనని చెప్పులు మార్చాను. మీరు కూర్చున్నప్పుడు అంకె దిగుతోంది. నేను వెళితే ఎక్కుతోంది. నేను చేసే పనిలో మీరు చేయనిది ఏమిటి?”

ఎస్తేరమ్మ పుస్తకం మూసి ఆమె చేతికిచ్చింది.

“అందరివీ రాశావు. నీది రాసుకోలేదే?”

“నాదా? ఏమిటి?”

“నీ నాడి.”

వేళాకోళం చేస్తున్నదనుకుని చంద్రిక చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే, బుధవారం పొద్దున, సింగరయ్య గారు ఆరవ మంచం మీదికి వచ్చారు.

డోలు సింగరయ్య అంటే ఆ చుట్టుపక్కల తెలియనివారు తక్కువ. ఏభై ఏళ్ళపాటు నాదస్వరం పక్కన నిలబడి డోలు వాయించిన విద్వాంసుడు. కుడిచేతి వేళ్ళకు గట్టి తొడుగులు తొడిగి తొడిగి కణుపులు చింతగింజల్లాగా బిరుసెక్కాయి. పెళ్ళిలో మాంగల్యధారణ వేళ ఆయన గట్టిమేళం మొదలుపెడితే వెనుక వరుసలో కునుకు తీస్తున్నవారు కూడా లేచి అక్షతలు వేసేవారట.

గుండెపోటు వచ్చింది. మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. పని చక్కగానే జరిగింది. కానీ గుండె బలహీనపడింది. అప్పుడప్పుడు లయ తప్పి అదనంగా ఒక దెబ్బ కొడుతోంది. ఒకటి రెండు రోజులు కదలక, బెదరక ఉంటే తేరుకుంటుందని డాక్టరు చెప్పాడు.

బెదరక ఉండడమే ఆయనకు చేతకాలేదు.

తెలివి రాగానే ఆయన అడిగిన మొదటి మాట ఇది.

“ఎవురమ్మా అది వాయించేది?”

“ఏది, తాతగారూ?” అంది చంద్రిక.

“అదే, ఆ టిక్కు, టిక్కు.”

“మీ గుండె చప్పుడే. యంత్రం వినిపిస్తోంది.”

సింగరయ్య గారు చెవి ఒగ్గి విన్నారు. వినేకొద్దీ ఆయన ముఖం వెలవెలబోయింది.

“నాదా ఇది? కాలం నిలబడట్లేదే! అదిగో, ఒక దెబ్బ తొందరపడి ముందుకొచ్చి పడింది. దాని చోటు ఖాళీ. మళ్ళా అదిగో! ఇట్టా వాయించేవాణ్ణి నేను గుడిమెట్టు కూడా ఎక్కనిచ్చేవాణ్ణి కాదే!”

మిగిలిన ఏడుగురికి అది ఉత్త చప్పుడు. వినీ వినక ఊరుకుంటారు. కాలప్రమాణం వెంట్రుకవాసి జారినా సహించని చెవి ఆయనది. ఆ చెవికి తప్పించుకునే దారి లేదు.

చంద్రిక ఆయనను ఊరడించదలచింది. తనకు తెలిసిన రీతిలో ఊరడించింది.

“అవి అదనపు దెబ్బలు, తాతగారూ. గుండెపోటు తరువాత సహజమే. మీ వేగం ఇప్పుడు నూట పన్నెండు. అదనపు దెబ్బలు నిమిషానికి ఐదో ఆరో వస్తున్నాయి. అంతవరకు ఫరవాలేదు. పది దాటితేనే...”

“దాటితే?”

చంద్రిక ఆగింది. ఆ ఆగడమే ముప్పు తెచ్చింది.

“దాటితే డాక్టరు గారు చూసుకుంటారు,” అంది.

అప్పటినుంచి సింగరయ్య గారు స్వయంగా లెక్కపెట్టసాగారు. దుప్పటిమీద కుడిచేతి వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. “ఏడు... ఎనిమిది... ఎనిమిదయినయ్యమ్మా!” లెక్కపెట్టేకొద్దీ బెదురు. బెదిరేకొద్దీ వేగం. వేగం హెచ్చేకొద్దీ మరిన్ని తప్పు దెబ్బలు.

చంద్రిక ఆలోచించింది. చప్పుడే కదా ఈ అనర్థానికి మూలం? తెర ఎలాగూ కనబడుతుంది. చేయి చాచి ఆ చప్పుడు నొక్కివేసింది.

గదిలో ఆ మూల ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

డోలు విద్వాంసుడి చెవికి ఆ నిశ్శబ్దం ఎలా వినబడుతుందో చంద్రికకు తోచలేదు.

“ఆగింది!” అని కేక వేశారు సింగరయ్య గారు. “అయిపోయింది! ముక్తాయింపు కూడా లేకుండా ఆగిపోయింది!” మోచేతి మీద లేచి, ఛాతీమీద అంటించిన తీగలు ఒక చేత్తో పట్టి లాగారు. యంత్రం ఘొల్లుమంది. నర్సులు పరుగెత్తుకొచ్చారు. గాజు తలుపుకు అవతల ఆయన భార్య మాణిక్యమ్మ రెండు అరచేతులూ అద్దానికి ఆనించి నిలబడిపోయింది.

ఎస్తేరమ్మ వచ్చి తీగలు తిరిగి అంటించింది. చప్పుడు మళ్ళీ పెట్టి, సగానికి తగ్గించింది. చంద్రికను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని చంద్రికకు అనిపించింది.

డాక్టరు వచ్చి చూశాడు. తెరమీద నూట ముప్పై నాలుగు. చంద్రికను, ఎస్తేరమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

“ఈ గుండె ఇంత వేగం ఎక్కువసేపు మోయలేదు. ఇవ్వగలిగిన మందు ఇచ్చాను. మత్తు ఇంకా పెంచితే ఊపిరి మందగిస్తుంది. నాలుగు గంటల దాకా చూద్దాం. అప్పటికీ నెమ్మదించకపోతే పూర్తిగా నిద్రపుచ్చి, గొంతులో గొట్టం వేసి, ఊపిరి యంత్రానికి అప్పగించాలి. ఈ వయసులో, ఈ గుండెతో, ఒకసారి ఆ గొట్టం వేశాక...”

 మిగిలినది వారిద్దరికీ తెలుసు.

అప్పటికి గంట ఒకటింబావు.

మందుల బీరువా చాటున నిలబడి చంద్రిక కళ్ళు తుడుచుకుంది. ఎస్తేరమ్మ దూది కోసం అటు వచ్చింది.

“పెద్ద సిస్టర్, మీరు వెళ్ళి ఆయన దగ్గర కూర్చోండి. మీరు కూర్చుంటే దిగుతుంది. నా పుస్తకంలో ఉంది.”

“నాకు రెండో మంచం పని ఉందిగా.”

“అది నేను చూస్తాను. ఆ పెద్దాయన నావల్ల చచ్చిపోతారు. నన్ను వేరే వార్డుకు పంపించండి. వారం దాకా ఎందుకు, ఇప్పుడే పంపించండి.”

 ఎస్తేరమ్మ దూది బల్లమీద పెట్టి, చంద్రిక ఎడమచేతి మణికట్టు పట్టుకుని నడిచింది. గది దాటించి పంపివేయబోతున్నదని చంద్రిక అనుకుంది. ఎస్తేరమ్మ గుమ్మంవైపు తిరగలేదు. ఆరవ మంచం దగ్గర ఆగింది.

“అయ్యా, సింగరయ్య గారూ!”

ఆయన కళ్ళు తెరిచారు. వేళ్ళు దుప్పటిమీద ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాయి.

“ఈ పిల్ల నాడి మీరొకసారి చూడాల. నాకు అంతు పట్టట్లేదు.”

“నేనేమన్నా వైద్యుణ్ణా, తల్లీ?”

“వైద్యం మాటెవరడిగారు? లయ సంగతి. మీకంటే తెలిసినోళ్ళు ఇక్కడెవరున్నారు?”

అంటూ దుప్పటిమీద కదులుతున్న ఆ బిరుసు వేళ్ళను ఎత్తి, చంద్రిక మణికట్టుమీద పెట్టి, తన చేయి తీసేసింది. వెనుదిరిగి రెండవ మంచం దగ్గరకు వెళ్ళిపోయింది.

సింగరయ్య గారి వేళ్ళు రెండు క్షణాలు వెతికాయి. నాడి దొరికింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏందమ్మాయ్ ఇది? తాడు తెంచుకున్న కోడెదూడలాగా పోతోంది!”

“నాకేమీ లేదు, తాతగారూ. నాకు పనుంది...” అంటూ చేయి వెనుకకు తీసుకోబోయింది.

“ఆగు. తాళం ఒక ఆవర్తనం నిండకుండా లేస్తే ఎట్టా? అంత అమర్యాద పనికిరాదు.”

ఆ మాటలో ఎంతమంది శిష్యులను కూర్చోబెట్టిన గద్దింపు ఉందో, చంద్రిక చేయి కదల్చలేకపోయింది. మంచంమీదికి వంగి నిలబడటంతో నడుము పీకుతోంది. పక్కన ఇనుప పీట ఉంది. మూడు నెలలుగా ఆమె దానిమీద మందుల పళ్ళెం పెట్టుకునేది. ఇప్పుడు కుడిచేత్తో ఆ పళ్ళెం తీసి కిటికీ గట్టుమీద పెట్టి, పీట లాక్కుని కూర్చుంది.

కూర్చున్నా చూపు పైకే పోతోంది. తెరమీద నూట ముప్పై ఒకటి. నూట ముప్పై మూడు.

“అటేం చూస్తావు? నేనిక్కడున్నాను. పైనెవరున్నారు?”

చంద్రిక చూపు దించింది. పదకొండు వారాలలో ఆ గదిలో ఎందరి ముఖాలు ఇంత దగ్గరగా చూసిందో ఆమెకు గుర్తు రాలేదు. ఈయన చెవులమీద వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. ఎడమ కనుబొమలో చిన్న గాటు ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చెంచాతో తడిపింది.

“భయపడుతున్నావా?” అన్నారాయన.

అబద్ధం చెప్పడానికి వీలు లేదు. నాడి ఆయన చేతిలో ఉంది.

“అవును.”

“ఎందుకు?”

“మీకు... మీకు ఏమన్నా అవుతుందేమోనని.”

సింగరయ్య గారికి నవ్వు వచ్చింది. బలం లేని నవ్వు. అయినా నవ్వే.

“బాగుందమ్మా! అది నా భయం కదా! అది కూడా నువ్వే పడితే ఇంక నాకేం మిగిల్చావు?”

చంద్రిక కూడా నవ్వింది. ఏడుపు ఇంకా పూర్తిగా వెళ్ళని నవ్వు.

“ఏ ఊరు మీది?”

“వేటపాలెం, తాతగారూ.”

“అట్టా చెప్పు! మీ ఊళ్ళో ఉత్సవానికి పదేళ్ళు వాయించా. వెళ్ళేటప్పుడు వీశెడు జీడిపప్పు మూటగట్టి ఇచ్చేవోళ్ళు. మీ నాయన ఏం చేస్తాడు?”

“నేత.”

“గుంటమగ్గమా?”

“అవును. ఇప్పటికీ నేస్తాడు.”

“మగ్గం చప్పుడులో పుట్టిన పిల్లవా నువ్వు! దారంతో నాడె ఇటు పోయి అటు వస్తుంటే, పలక దెబ్బ వేస్తుంటే, అంతకంటే నికరమైన కాలం ఎక్కడుందే? అది విని పెరిగినదానికి ఇంత దుడుకు లయ ఏంది? సిగ్గులేదూ!”

 చంద్రికకు ఇల్లు జ్ఞాపకం వచ్చింది. తెల్లవారుజామున తండ్రి గుంటలో దిగి మగ్గం మొదలుపెట్టేవాడు. ఆ చప్పుడుకు ఎవరికీ నిద్ర చెడేది కాదు. అది ఆగితేనే చెల్లెలు ఉలిక్కిపడి లేచి, “నాన్న ఏడీ?” అని అడిగేది.

ఆగితేనే. చంద్రిక చప్పుడు నొక్కివేసిన తన వేలివైపు చూసుకుంది.

“తాతగారూ, ఇందాక చప్పుడు ఆపింది నేనే. మీ గుండె ఆగలేదు. చెప్పకుండా చేశాను. తప్పయింది.”

“నువ్వా?” ఆయన కళ్ళు పెద్దవి చేసి చూశారు. “ఓసి నీ! నేను ఇంకా యముడనుకున్నా.”

 చప్పుడు సగం గొంతుతో వినబడుతూనే ఉంది. ఆయన దానిని వినడం లేదు. ఆయన చెవి ఇప్పుడు వేళ్ళ చివరకు దిగి ఉంది. మణికట్టుమీద బొటనవేలు మెల్లగా తాళం వేస్తోంది.

“నిదానం... నిదానం... నువ్వేం చెయ్యమాక. ఊరికే కూర్చో. కాలం తనే వస్తది... అదీ... అదీ... ఇప్పుడు వచ్చింది చూడు కాలానికి.”

ఆ మాట ఎవరిని గురించి అన్నారో చంద్రిక అడగలేదు. ఆయన రెప్పలు బరువెక్కాయి. వేళ్ళ పట్టు సడలింది కానీ జారలేదు. ఆమె చేయి అలాగే ఉంచింది. కొంతసేపటికి చేయి తిమ్మిరెక్కింది. తరువాత తిమ్మిరి సంగతి కూడా మరచిపోయింది. ఆమె చూడవలసిన మంచాలను ఎస్తేరమ్మ చూసుకుంటోంది. మధ్యలో ఒకసారి ఆ తెల్లచీర చెంగు కనబడి దాటిపోయింది. ఎవరూ ఆమెను లెమ్మనలేదు.

నాలుగు గంటలకు డాక్టరు వచ్చాడు. వెంట గొట్టాలూ మత్తుమందూ పెట్టిన బండి కూడా వచ్చింది. ఆరవ మంచం దగ్గర ఆగి తెరవైపు చూశాడు. మళ్ళీ చూశాడు.

ఎనభై నాలుగు.

“ఎప్పుడు దిగింది?” అన్నాడు గుసగుసగా.

ఆ గదిలో ఏ అంకె ఏ నిమిషాన మారిందో అడిగినవెంటనే చెప్పే పిల్ల చంద్రిక. డాక్టరు అందుకే ఆమెను అడిగాడు.

“చూడలేదు, డాక్టరు గారూ,” అంది చంద్రిక.

డాక్టరు ఎస్తేరమ్మవైపు చూశాడు. ఆమె తలవంచుకుని పుస్తకంలో ఏదో రాస్తోంది. డాక్టరు చేత్తో సైగ చేశాడు. బండి వచ్చిన దారినే చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. గాజు తలుపు దగ్గర మాణిక్యమ్మ అద్దంమీది నుంచి అరచేతులు తీసి కళ్ళకు అద్దుకుంది.

సింగరయ్య గారిని ఆదివారం నాడు కింది వార్డుకు మార్చారు. చక్రాల మంచంమీద వెళుతూ ఆయన చంద్రికను పిలిచి చేయి చాచమన్నారు. మణికట్టు పట్టుకుని క్షణం విని, తల పంకించారు.

“ఇంకా కొంచెం దుడుకుంది. సాధన చెయ్యి,” అన్నారు.

మరునాటితో చంద్రికకు మూడు నెలలు నిండాయి. ఉదయం ఆమె పనిలోకి వచ్చేసరికి ఎస్తేరమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో బట్టల సంచి ఉంది. కంట్లో శుక్లాలు తీయించుకోవడానికి వెళుతోందనీ, పదిరోజులు రాదనీ ఇతర నర్సులు చెప్పుకుంటున్నారు. ఆమె “ఉండొచ్చు” అంటుందో, “వేరే వార్డు” అంటుందో వినడానికి చంద్రిక ఎదురుగా నిలబడింది.

ఎస్తేరమ్మ సంచి బల్లమీద పెట్టింది. భుజం కింది పిన్ను తీసి, ఆ చిన్న గడియారాన్ని చంద్రిక చొక్కాకు గుచ్చింది. వంకరగా ఉన్నదేమోనని దూరం జరిగి చూసి, సరిచేసింది.

“ఒకటో మంచం ఆవిడ తెల్లారుజామున వచ్చింది. ఇంకా ఎవరితోనూ మాట్లాడలేదు. చూసిరా,” అంది.

ఒకటవ మంచంమీద నడివయసు మనిషి ఉంది. దుప్పటి అంచు రెండు పిడికిళ్ళతో పట్టుకుని గది పైకప్పువైపు చూస్తోంది. చంద్రిక ఇనుప పీట లాక్కుని కూర్చుంది. ఒక పిడికిలి విడదీసి మణికట్టు పట్టుకుంది. తల కొంచెం వంచి గడియారంవైపు చూసింది.

పది గంటల ఇరవై నిమిషాలు.

కిటికీలోంచి పడుతున్న ఎండ ఇంకా ఏడు దాటని ఎండ. చంద్రిక రెప్ప వేయకుండా చూసింది. సెకన్ల ముల్లు కదలడం లేదు. అద్దం లోపల చుట్టూ సన్నని తుప్పు గీత ఉంది. ఆ తుప్పు ఒక్క ఏడాదిలో పట్టేది కాదు.

ఆమె తలెత్తబోయింది. పెద్ద సిస్టరును పిలవబోయింది. ఇంతలో ఆ మంచంమీది మనిషి రెండవ పిడికిలి దానంతట అదే విడింది. ఆ చేయి దుప్పటిమీదుగా మెల్లగా వచ్చి చంద్రిక చేతిమీద ఆగింది. పైకప్పువైపు చూస్తున్న కళ్ళు ఇటు తిరిగాయి.

చంద్రిక తల దించుకుని, ఆగిపోయిన గడియారంవైపు చూస్తూ, నిండుగా ఒక నిమిషం కూర్చుంది. నిమిషమో అంతకంటే ఎక్కువో, ఎవరికి తెలుసు?

లేచి, పుస్తకంలో తెరమీది అంకె రాసి, గాజు తలుపు దాటి పరుగున వెళ్ళింది. ఎస్తేరమ్మ మెట్ల మొదట్లో ఉంది.

“పెద్ద సిస్టర్! ఇది నడవట్లేదు!”

“ఊఁ.”

“ఎప్పటినుంచి?”

“సునామీ వచ్చిన ఏటినుంచి. ఆరోజు నీళ్ళలో తడిసింది.”

చంద్రిక గడియారాన్ని చేత్తో పట్టుకుంది.

“మరి ఇన్నేళ్ళూ రోజూ ఎనిమిది మంచాల దగ్గరా దీన్ని చూస్తూ... లెక్క?”

ఎస్తేరమ్మ సంచి ఒక చేతినుంచి ఇంకొక చేతికి మార్చుకుని, మొదటి మెట్టు దిగింది.

“లెక్క యంత్రం పెడుతోందిగా, తల్లీ.”